కిటికీ మామ్మ కారణాల పుస్తకం

నిన్న ఆఫీసు నుంచి వస్తుంటే బ్రెమెన్ స్టేషన్లో రైలు పద్దెనిమిది నిమిషాలు లేటన్నారు. లేటు కావడం ఇక్కడ వార్త కాదు. జర్మనీ రైళ్ళ గురించి మనవాళ్ళు ఇండియాలో చెప్పుకునే గొప్పలన్నీ ఇక్కడ దిగిన నెలలోపే ఆవిరైపోతాయి. కాకపోతే ఈ దేశంలో ఒక మర్యాద ఉంది. రైలు ఎందుకు ఆలస్యమైందో మైకులో చెప్తారు. "కారణం, ముందు వెళ్తున్న రైలు ఆలస్యంగా నడవడం" అని నిన్న చెప్పారు. మరి ఆ ముందు రైలుకేం రోగమొచ్చిందో చెప్పలేదు. "మామ్మ అయితే దీన్ని ఒప్పుకోదు" అని తెలుగులో పైకే అనేశాను. పక్కన నిలబడ్డావిడ రెండడుగులు దూరం జరిగింది.

మామ్మ అంటే మా సొంత మామ్మ కాదు. నేను కాట్‌బస్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో మా బిల్డింగ్ కింది అంతస్తులో ఉండే జర్మన్ ముసలావిడ. అప్పటికే ఎనభై దాటాయి. వీధివైపు కిటికీ అంచు మీద ఒక దిండు పరిచి, దాని మీద మోచేతులు ఆనించి, పొద్దున్నుంచి చీకటి పడేదాకా అక్కడే ఉండేది. నా రూమ్మేట్ శ్రీకర్, గుంటూరు వాడు, ఆవిడకి కిటికీ మామ్మ అని పేరు పెట్టాడు. నేను వరంగల్ వాణ్ణి, మా వైపు మామ్మ అనరు, అయినా ఆ పేరే నిలిచిపోయింది. ఆవిడ పోయి ఏడాదిన్నర అవుతోంది.

ఆవిడ ముప్పై ఏళ్ళకి పైగా రైల్వే సిగ్నల్ కేబిన్లో పనిచేసింది. ఏ రైలుకి దారివ్వాలి, దేన్ని ఆపాలి, అంతా ఆవిడ చేతిలో ఉండేదట. రెండు జర్మనీలూ కలిసిపోయాక ఆ కేబిన్ మూసేసి ఆవిడని ఇంటికి పంపించేశారు. ఉద్యోగం పోయింది కానీ అలవాటు పోలేదు. దిండు పక్కన ఒక గీతల పుస్తకం ఉండేది. అందులో మూడు గడులు: టైము, ఏం జరిగింది, కారణం. మా వీధిలో ఏది వేళ తప్పినా అందులోకి ఎక్కేది. ఒకసారి చదివి వినిపించింది. "తొమ్మిదీ పది. రెండో అంతస్తు ఇండియన్, పరుగు. కారణం: నిద్ర." ఆ ఇండియన్ని నేనే. "చెత్తబండి, నలభై నిమిషాలు లేటు. కారణం: తెలియదు, కనుక్కోవాలి." మర్నాడు చెత్తబండి వచ్చినప్పుడు నిజంగానే డ్రైవర్ని ఆపి కనుక్కుని ఆ గడి నింపింది. ఖాళీ గడి ఉంటే ఆవిడకి కాఫీ సయించేది కాదు.

కరోనా రోజులు కదా, ఒకరింటికి ఒకరం వెళ్ళకూడదు. నేను సైకిల్ స్టాండు దగ్గర నిలబడేవాణ్ణి, ఆవిడ కిటికీలో. మధ్యలో ఒకటిన్నర మీటరు. మూడున్నరకి ఒక ట్రే మీద కాఫీ పెట్టి, కిటికీ అంచు చివరిదాకా కర్రతో తోసేది. నా జర్మన్ అప్పటికి కూరగాయలు కొనుక్కోవడానికి మాత్రం పనికొచ్చేది. ఇక్కడంతా తెలుగులో రాస్తున్నాను కాబట్టి నేను గడగడా మాట్లాడినట్టు కనిపిస్తాను, నమ్మకండి. ఒక్కో వాక్యానికి ఆవిడ నన్ను మూడుసార్లు సరిదిద్దేది.

ఆవిడకి ఒక్క మాటంటే అస్సలు పడేది కాదు. 'వాళ్ళు' అన్నామంటే వెంటనే "ఎవరు?" అనేది. "వాళ్ళు మళ్ళీ అద్దె పెంచారు" అంటే, "ఎవరు? పేరు?" ఇల్లు అద్దెకిచ్చిన కంపెనీ పేరు చెప్పేదాకా వదిలేది కాదు. రైల్వే రిజిస్టర్లో ఆలస్యానికి కారణంగా పొగమంచు రాయొచ్చట, పట్టాలు మార్చే పాయింటు బిగుసుకుపోయిందని రాయొచ్చట, నేను నిద్రపోయానని కూడా రాయొచ్చట. 'వాళ్ళు' అని మాత్రం రాయడానికి లేదు.

సోమవారం సాయంత్రాల్లో మాస్కుల్లేని గుంపొకటి డప్పులు కొట్టుకుంటూ మా వీధిలోంచి వెళ్ళేది. అసలు జబ్బే లేదనేవాళ్ళు కొందరు, ఉంది కానీ కావాలనే తెచ్చిపెట్టారనేవాళ్ళు కొందరు, రెండు రకాలవాళ్ళూ ఒకే గుంపులో కలిసి నడిచేవాళ్ళు. మామ్మ మాస్కు పెట్టుకుని కిటికీలోంచి గట్టిగా అడిగేది, "ఎవరు తెచ్చారు?" అని. ఒకరోజు ఒక పెద్దమనిషి నిజంగానే ఆగాడు. "పైనున్నవాళ్ళు" అన్నాడు. మామ్మ పుస్తకం తెరిచి, పెన్సిల్ తీసి, "పేర్లు చెప్పండి, రాసుకుంటాను" అంది. ఆయన రెండు నిమిషాలు ఆలోచించాడు. "అందరికీ తెలిసిన సంగతే కదండీ" అన్నాడు. "నాకు తెలీదు. అడ్రసు ఉంటే అది కూడా చెప్పండి" అంది. ఆయన డప్పు చంకలో పెట్టుకుని గుంపుని అందుకోవడానికి పరిగెత్తాడు. పైనుంచి చూస్తున్న శ్రీకర్, నేను కడుపు పట్టుకుని నవ్వాం.

నవ్వాను సరే, అప్పటికి నా సంగతేమిటో కూడా చెప్పాలి.

మా కోర్సులో కంట్రోల్ సిస్టమ్స్ అని ఒక సబ్జెక్టు ఉండేది. అందులో నేను రెండుసార్లు తప్పాను. జర్మనీలో పరీక్షకి మూడే అవకాశాలు. మూడోసారి కూడా తప్పితే కోర్సులోంచి తీసేస్తారు, ఆ చదువు ఈ దేశంలో ఇంకెక్కడా చదవడానికి వీల్లేదు. వీసా కూడా దాంతోపాటే పోతుంది. తప్పింది నేనొక్కణ్ణే కాదు. శ్రీకర్‌తో సహా పదకొండు మందిమి, అందరం తెలుగువాళ్ళమే, రెండుసార్లూ ఫెయిల్. పదకొండుకి పదకొండు మంది పోయారంటే ఇంకేం కావాలి? ప్రొఫెసర్‌కి మనమంటే పడదని తేలిపోయింది.

తేల్చింది ఎవరనుకున్నారు? నేనే. 'జస్టిస్ కాట్‌బస్' అని వాట్సాప్ గ్రూపు పెట్టాను. మొదట పదకొండు మందిమి, వారం తిరిగేసరికి నలభై మంది. రుజువులు వాటంతటవే వచ్చిపడ్డాయి. మనల్ని చూడగానే మాస్కు పైకి లాక్కుంటాడని ఒకడు. అప్పుడు దేశమంతా అదే పని చేస్తోందని ఎవరికీ గుర్తురాలేదు. నమస్తే పెడితే తిరిగి పెట్టలేదని ఇంకొకడు. యూనివర్సిటీకీ పేపర్లకీ పంపడానికి నేనొక పిటిషన్ రాశాను. "అన్నా, నువ్వు లేకపోతే మేమేమైపోయేటోళ్ళం" అని కరీంనగర్ పిల్లాడొకడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. దాన్ని నేను నాలుగుసార్లు విన్నాను. రెండుసార్లు ఫెయిలైనవాడికి అంత గౌరవం ఇంకే దారిలో దొరుకుతుంది?

ఒక మధ్యాహ్నం కాఫీ తాగుతూ ఈ కథంతా మామ్మకి చెప్పాను. వాళ్ళు ఇండియన్స్‌ని కావాలనే ఫెయిల్ చేస్తున్నారన్నాను.

"ఎవరు?" అంది.

ఈసారి నా దగ్గర పేరుంది. దర్జాగా చెప్పాను.

"సరే. నీ పేపరు చూసుకున్నావా?"

ఇక్కడ ఐన్‌జిష్ట్ అని ఒకటుంది. పరీక్ష పేపరు దిద్దాక, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకుని వెళితే, మన పేపరు మన ముందు పెడతారు. ఎక్కడ ఎందుకు మార్కు పోయిందో కూర్చుని చూసుకోవచ్చు, తప్పు దిద్దారనిపిస్తే అడగొచ్చు.

"వెళ్ళలేదు. ఎలాగూ తెలిసిందే కదా" అన్నాను.

"పదకొండు మందిలో ఒక్కరు కూడా వెళ్ళలేదా?"

"లేదు."

మామ్మ నవ్వడం మొదలుపెట్టింది. దిండు జారి నా సైకిల్ మీద పడేదాకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ట్రాములో నా పక్క సీట్లోంచి లేచి వెళ్ళిపోయినవాళ్ళని చూశాను, అద్దెకి ఇల్లడిగితే నా పేరు వినగానే ఫోన్ పెట్టేసినవాళ్ళని చూశాను. ఆ మాటే అన్నాను. "అవి కూడా అబద్ధమేనా?"

నవ్వడం ఆపేసింది. "కాదు, అవి నిజం. ఆకలి కూడా నిజమే" అంది. అప్పుడు వాళ్ళ తాత గురించి చెప్పింది.

ఆ తాత కూడా ఇదే ఊళ్ళో రైల్వేలో పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి వేసవిలో, జర్మనీ ఓడిపోతోందని దేశంలో మంత్రులకంటే ముందు ఆయనకి తెలిసిందట. ఎలాగంటే, రైళ్ళు. పడమటికి యుద్ధానికి వెళ్ళే రైళ్ళలో గడ్డం రాని పిల్లలు, నెరిసిన గడ్డాలవాళ్ళు. వచ్చే రైళ్ళ నిండా గాయాలవాళ్ళు. గుర్రాలకి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. సైనికులు ప్లాట్‌ఫారం మీద బంగాళాదుంప తొక్కల కోసం కొట్టుకున్నారట. ఆయన పెద్దకొడుకు కూడా ఒక రైలెక్కి వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆ శరదృతువులోనే ఊళ్ళో ఫ్లూ వచ్చింది, మామ్మ వాళ్ళ అమ్మమ్మ చెల్లెలు అందులో పోయింది. తర్వాత యుద్ధం అయిపోయింది, ఓడిపోయాం అన్నారు.

"స్టేషన్ పక్కన బీరు దుకాణంలో రైల్వేవాళ్ళకి ఒక బల్ల ఉండేది" అంది మామ్మ. "ఒకరోజు యుద్ధం నుంచి వచ్చిన సార్జెంట్ ఒకడు అక్కడ కూర్చుని, మనం ఓడిపోలేదు, ఇంట్లో ఉన్నవాళ్ళే వెనక నుంచి పొడిచారు అన్నాడట. బల్ల దగ్గర అందరికీ ప్రాణం లేచొచ్చింది. మా తాతకి కూడా."

"ఆయనకి నిజం తెలుసు కదా!"

"తెలిస్తే? వాడు మా ఇంటికొచ్చి అదే మాట మా అమ్మమ్మకి చెప్పాడు. మీవాడు ఓడిపోయి చావలేదమ్మా, మోసపోయి చనిపోయాడు అని. పిండి దొరకని రోజులవి. మా అమ్మమ్మ టర్నిప్ తురిమి కేకు చేసేది, సన్నగా కోసి పెట్టేది. ఆ రోజు వాడికి చేతి మందం ముక్క కోసి పెట్టింది. మా తాత అది చూశాడు. ఇంకేం మాట్లాడతాడు?"

ఆ తర్వాత ప్రతివారం సార్జెంట్ వచ్చేవాడు, కేకు తినేవాడు. పొడిచింది ఎవరు అని ఎవరో అడిగారు. మొదట 'వాళ్ళు' అన్నాడు. కొన్నాళ్ళకి యూదులు అన్నాడు, కమ్యూనిస్టులు అన్నాడు. ఫ్లూ కూడా వాళ్ళు తెచ్చిందే అన్నాడు. బల్ల చాలక ఇంకో బల్ల కలిపారు. తర్వాత పాటలొచ్చాయి, చొక్కాల రంగు మారింది, జెండా వచ్చింది. అప్పటికి మా తాత నోరు తెరిచినా ఎముకలు మిగిలేవి కావు అంది మామ్మ.

"ఆలస్యం నిజం" అంది పెన్సిల్‌తో పుస్తకం మీద కొడుతూ. "కొడుకు పోవడం నిజం, ఆకలి నిజం. కారణం గడిలో మాత్రం అబద్ధం రాశారు. రిజిస్టరు ఆయన చేతిలోనే ఉంది, చూస్తూ ఊరుకున్నాడు. ఇంతకీ నువ్వు పేపరు చూసుకోవడానికి ఎప్పుడు వెళ్తున్నావు?"

కోపంతోనే టెర్మిన్ తీసుకున్నాను. ప్రొఫెసర్ దొంగతనం పట్టుకుని, తెచ్చి ఆ ముసలావిడ ముఖాన పెట్టాలని వెళ్ళాను.

ప్రొఫెసర్ అసిస్టెంట్, మాస్కు మీద కళ్ళజోడు పొగబారిపోతున్న ఒక కుర్రాయన, నా పేపరు ముందు పెట్టాడు. నాలుగో ప్రశ్నకి సున్నా. సగం మార్కులు ఆ ప్రశ్నవే. ఆ ప్రొఫెసర్ ఆ రకం లెక్క లేకుండా పేపరు ఇవ్వడు. "మిమ్మల్నొకటి అడగాలి" అన్నాడు ఆయన, చాలా మర్యాదగా. "ఈ పద్ధతి ఏ పుస్తకంలో ఉంది? పదకొండు మంది ఇదే రాశారు. కాపీ కొట్టారనుకుందామంటే వేరువేరు హాళ్ళలో కూర్చున్నారు. మా ప్రొఫెసర్ గారు వారం రోజులు దీని వెనకాల పడి వెతికారు. ఎక్కడా దొరకలేదు."

పుస్తకంలో ఎక్కణ్ణుంచి దొరుకుతుంది? అది సీనియర్ నోట్సు. ఒక సీనియర్ అన్న చేత్తో చేసి ఇచ్చిన పాత పేపర్ల జవాబుల్ని ఫోనులో స్కాన్ చేసి, పీడీఎఫ్ చేసి, మొదటి పరీక్షకి ముందు మనవాళ్ళందరికీ పంచిన పుణ్యాత్ముణ్ణి నేను. స్కాన్ చేసేటప్పుడు రెండు కాగితాలు అతుక్కుపోయాయి. మూడో లెక్క మొదటి సగం కింద ఐదో లెక్క రెండో సగం వచ్చి కూర్చుంది. తలకీ మొండేనికీ సంబంధం లేని ఆ లెక్కని పదకొండు మందిమి బట్టీపట్టి, రెండుసార్లు, ఒక్క అక్షరం కూడా మారకుండా రాసొచ్చాం. ఒక్కడికి కూడా అనుమానం రాలేదు. సీనియర్ నోట్సుని అనుమానించే అలవాటు మనకెక్కడిది?

సిగ్గు వేసింది. దానికంటే ఎక్కువ భయం వేసింది. మూడో పరీక్ష ఆరు వారాల్లో ఉంది. ప్రొఫెసర్ చెడ్డవాడని నమ్మినవాళ్ళెవరూ పేపరు చూసుకోరు, అదే పీడీఎఫ్ మళ్ళీ చదువుతారు, అదే లెక్క మళ్ళీ రాస్తారు, పదకొండు మందీ దేశం వదిలి వెళ్ళాలి. నేను నోరు మూసుకుంటే నేనొక్కణ్ణి గట్టెక్కుతాను. నోరు తెరిస్తే నలభై మంది ముందు 'అన్న' పని అయిపోతుంది.

మధ్యే మార్గం ఒకటి దొరికింది. జరిగిందంతా మామ్మకి చెప్పి, అది కూడా చెప్పాను. "మా శ్రీకర్‌కి రూములో మెల్లగా చెప్తాను. మిగతావాళ్ళకి ఆ పీడీఎఫ్ పాతదైపోయింది, కొత్తది చదవండి అంటాను. పిటిషన్ సంగతి అదే చల్లబడుతుంది."

మామ్మ పుస్తకం మూసేసింది. తర్వాత, "మా తాత కూడా నిజం చెప్పాడు" అంది. "రెండో యుద్ధం కూడా ఓడిపోయాక. మా స్టేషన్ బాంబులకి కూలిపోయాక. వంటింట్లో నేను బంగాళాదుంపలు తొక్క తీస్తుంటే, నాకు చెప్పాడు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఎవరికి చెప్పావు తాతా అని అడిగాను. ఇప్పుడు నీకే చెప్తున్నాను అన్నాడు. వంటింట్లో నాకు చెప్తే ఏం లాభం? ఆ బల్ల దగ్గర చెప్పాలి కదా!" ఆ చివరి మాట నామీద అరిచినట్టే అంది.

పైకెళ్ళి గ్రూపులో రాశాను. అతుక్కున్న కాగితాల ఫోటో పెట్టాను. తప్పు ప్రొఫెసర్‌ది కాదు, స్కాన్ చేసిన నాది, పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నాను, అందరూ ఐన్‌జిష్ట్‌కి వెళ్ళి పేపర్లు చూసుకోండి అని రాసి పంపేశాను.

వంటగదిలోంచి శ్రీకర్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "ఏంట్రా ఇది? నీకేమన్నా పిచ్చా? ఆయన మనోళ్ళని తొక్కుతున్నాడని చెప్పింది నువ్వే గదరా! ఊళ్ళో మా నాన్నకి కూడా అదే చెప్పాను నేను."

"నేనే చెప్పిన. తప్పు చెప్పినరా" అన్నాను.

"ఇప్పుడు మా నాన్నకి ఏం చెప్పమంటావ్, స్కానర్ అని చెప్పనా?" అని తలుపు ధడేల్మని వేసుకున్నాడు. వాడికి కోపం నా మీదేనో, తండ్రికి చెప్పడానికి కారణం లేకుండా పోయినందుకో నాకు అర్థం కాలేదు.

పరీక్ష సంగతి ముందే చెప్పేస్తాను. తిట్టుకుంటూనే పదకొండు మందీ పేపర్లు చూసుకుని వచ్చారు. ఒక్కడు తప్ప అందరం మూడోసారి గట్టెక్కాం. శ్రీకర్ నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని, ఆ సంగతి ఇప్పటికీ ఫోన్ చేసి గుర్తుచేస్తుంటాడు. అయితే మెసేజ్ పెట్టిన మర్నాడు నాకిదంతా ఏం తెలుసు? ముఖం వేలాడేసుకుని సైకిల్ స్టాండు దగ్గర నిలబడ్డాను.

"బల్ల దగ్గర చెప్పావా?" అంది మామ్మ.

"చెప్పాను."

"ఏమైంది?"

ఓదారుస్తుందేమోనని అంతా ఏకరువు పెట్టాను. తొమ్మిది మంది గ్రూపు వదిలేసి పోయారు. ఇద్దరు బండబూతులు తిట్టారు. జర్మన్ల చెంచా అని ఒకడన్నాడు. శ్రీకర్ మాట్లాడటం లేదు, రాత్రి అన్నం తనవరకే వండుకున్నాడు.

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"కొట్టారా?"

"అబ్బే, లేదు."

"పొద్దున్నే లేచి క్లాసుకి వెళ్ళొచ్చావు కదా?"

"వెళ్ళొచ్చాను."

"అంతేనా?"

"అంతే" అన్నాను, కాస్త చిన్నబుచ్చుకుని.

మామ్మ కళ్ళజోడు తీసి దిండు మీద పెట్టింది. ఎప్పుడూ ఎవర్నో ఒకర్ని నిలదీసే ఆ ముఖం పన్నెండేళ్ళ పిల్ల ముఖంలా అయిపోయింది. కళ్ళు తుడుచుకోవాలని కూడా ఆవిడకి తోచలేదు.

"ఆ మొదటి ఏడాది ఆయన చెప్పి ఉంటే, మా తాతకి కూడా ఇంతే అయ్యేది" అంది. "నలుగురు బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మా అమ్మమ్మ నాలుగు రోజులు మాట్లాడకపోయేది. అంతే."